విసురు వలకు సీసం గుళ్ళు ఇంటి దగ్గర పోసుకోవడం ఎలా?

ఒక్క వలకు సరిపడా గుళ్ళే కావాలంటే బజారులో కొనుక్కోండి, అదే నయం. రెండు మూడు వలలు కట్టుకునేవాళ్ళకు, పాడైన వలల గుళ్ళో పాత కేబుల్ మీది సీసపు తొడుగో చేతిలో ఉన్నవాళ్ళకు మాత్రం ఆరు గుంటల అచ్చు ఒకటి ఉంటే సొంతంగా పోసుకోవడం లాభం. ఈ పనిలో చెడేదంతా దాదాపు రెండు కారణాల వల్లే చెడుతుంది. అచ్చుకు వేడి చాలకపోతే గుండు పాడవుతుంది. ఎక్కడైనా తడి ఉండిపోతే మనిషికే ప్రమాదం. కింద చెప్పిన ప్రతి మెట్టూ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

ఎంత సీసం కావాలి

వల నడిమి నుంచి అంచుదాకా 8 అడుగులు అనుకుందాం. అంచు చుట్టుకొలత 50 అడుగులు, అంటే సుమారు 15 మీటర్లు. మీటరుకు 20 గుళ్ళు గుచ్చితే మొత్తం 300. గుండు 15 గ్రాములైతే బరువు నాలుగున్నర కిలోలు. వల పొడవులో అడుగుకు అరకిలోకి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. నిలవ నీళ్ళలో 4 కిలోలతో సరిపెట్టుకోవచ్చు. పారే నీళ్ళలో, లోతు ఎక్కువున్న చోట 5 కిలోలు పడుతుంది. బరువు తక్కువైతే వల చక్కగానే విచ్చుకుంటుంది గానీ అడుగుకు చేరేలోపు చేప కింద నుంచి జారిపోతుంది. మరీ ఎక్కువైతే నాలుగు విసుర్లకే చెయ్యి పడిపోతుంది, బురద నేలలో అంచు దిగబడుతుంది.

సీసం మాత్రం 6 కిలోలు దగ్గర పెట్టుకోండి. పాత సీసంలో పదోవంతు దాకా చిట్టెంగా, అంటే కరిగినప్పుడు పైన తేలే మడ్డిగా, పోతుంది. పైగా మూకుడు అడుగున మిగిలే చివరి అరకిలో గరిటెకు అందదు. 6 కిలోలంటే భయపడక్కర్లేదు, కరిగాక అర లీటరును కొంచెం దాటుతుందంతే. కానీ బరువు బరువే, కాబట్టి పొయ్యి ఆ బరువుకు తగ్గట్టు గట్టిగా కూర్చోవాలి.

15 గ్రాముల గుండు సుమారు 20 మి.మీ. పొడవు, 10 మి.మీ. లావు ఉంటుంది. మధ్యలో తాడు దూరడానికి 3 మి.మీ. బెజ్జం.

ఏ సీసం వాడాలి, ఏది వద్దు

పాత టెలిఫోన్ కేబుల్ పైతొడుగు, సీసపు రేకు చాలా మెత్తగా ఉంటాయి. గోరుతో గీస్తే గీత పడుతుంది, నేల మీద వేస్తే మొద్దుగా చప్పుడవుతుంది. వల గుళ్ళకు ఇంతకంటే మంచి సరుకు లేదు. టైర్లకు కొట్టే బరువుల్లో సీసాన్ని గట్టిపరిచే యాంటిమొనీ అనే లోహం కొంచెం కలిసి ఉంటుంది కాబట్టి గుండు గట్టిగా వస్తుంది, రాళ్ళ నేల మీద ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే ఈ రోజుల్లో టైరు బరువుల్లో ఇనుపవీ జింకువీ కూడా వస్తున్నాయి, వాటిని ఏరాలి. కటింగ్ ప్లయరుతో అంచు నొక్కి చూడండి. సీసం సులువుగా తెగుతుంది. జింకు మీద నొక్కు కూడా సరిగా పడదు, నేల మీద వేస్తే ఖంగుమంటుంది.

జింకు మీద ఇంత పట్టింపు ఎందుకంటే, కొంచెం కలిసినా కరుగు జావలా చిక్కబడి, గుంట మూలల్లోకి పారదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింకు 420 దగ్గర. అందుకే పాత సీసం కరిగించేటప్పుడు వేడి 370 దాటనివ్వకండి. ఏరడంలో తప్పిపోయిన జింకు ముక్క కరగకుండా పైకి తేలుతుంది, చిల్లుల గరిటెతో తీసెయ్యవచ్చు. ఇనుప ముక్కలూ క్లిప్పులూ కూడా అలాగే తేలతాయి.

బ్యాటరీ పలకల జోలికి వెళ్ళకండి. అందులో ఆమ్లం, సీసం సమ్మేళనాల పొడి, ఆర్సెనిక్, యాంటిమొనీ ఉంటాయి. ఇంట్లో కరిగిస్తే మిగిలే సీసం కొంచెం, వెలువడే విషం చాలా. పాత బ్యాటరీని అమ్మిన దుకాణానికే తిరిగి ఇచ్చెయ్యండి.

పాత వల గుళ్ళే కరిగించేవాళ్ళు ఒక్కసారి ఆ బెజ్జంలోకి చూడండి. ఎండిన బురద, ఉప్పు, కుళ్ళిన తాడు పోగు ఉంటాయి. పైన పొడిగా కనిపించే గుండులో కూడా లోపల చెమ్మ దాగి ఉంటుంది. తాడు తీసి, కడిగి, రేకు మీద పరిచి నాలుగైదు రోజులు మంచి ఎండలో పెట్టండి. ఆ తర్వాత కూడా వాటిని చల్లటి మూకుట్లో వేసి సీసంతో పాటే వేడెక్కనివ్వాలి తప్ప, కరిగి ఉన్న సీసంలో ఎన్నడూ వెయ్యకూడదు. నీళ్ళు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తాయి. సీసం అడుగున చిక్కిన ఒక్క చుక్క చాలు, మూకుట్లో ఉన్నదంతా మొహం మీదికి ఎగజిమ్మడానికి.

సామాన్లు

దళసరి ఇనుప మూకుడు లేదా ఉక్కు కుండ ఒకటి. అల్యూమినియం గిన్నె పనికిరాదు, ఆ వేడికి మెత్తబడి బరువుకు అడుగు ఊడుతుంది. వెడల్పు కాళ్ళున్న గ్యాస్ పొయ్యి కావాలి. బొడ్డున్న ఇనుప గరిటె ఒకటి తీసుకోండి. 30 మి.లీ. పట్టే గరిటెలో 300 గ్రాముల పైనే సీసం పడుతుంది, ఆరు గుళ్ళకూ వాటి తోకలకూ (అచ్చు నోట్లో గట్టిపడి గుండుకు అంటుకుని వచ్చే సీసం) ఒక్క గరిటె సరిపోతుంది. చిట్టెం తీయడానికి చిల్లుల గరిటె, దాన్ని వెయ్యడానికి మూత ఉన్న రేకు డబ్బా, మిగిలిన సీసం పొయ్యడానికి చిన్న ఇనుప పాత్రలు, పట్టుకారు, కొయ్య సుత్తి, పొడి ఇసుక పోసిన పెద్ద ట్రే కూడా దగ్గరుండాలి.

వేడి కొలవడానికి కె-టైప్ ప్రోబు (కరుగులో ముంచి కొలిచే లోహపు పుల్ల) ఉన్న మీటరు కొనండి. దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ మెరిసే సీసం మీద తప్పు చూపిస్తుంది, ఉన్నదానికంటే బాగా తక్కువ చెబుతుంది. దాన్ని నమ్మి మంట పెంచితే పొగలొచ్చే దాకా పోతారు.

అచ్చు అల్యూమినియంది తీసుకోండి. ఒక పక్క బందు, రెండు కొయ్య పిడులు, వరసగా ఆరు గుంటలు, ప్రతి గుంటకూ పైన గరాటులాంటి నోరు. బెజ్జం కోసం ఆరింటి మధ్యగా ఒకే పొడవాటి 3 మి.మీ. ఉక్కు ఊచ దూరుతుంది. ఊచ అద్దంలా నున్నగా, ఏ మాత్రం వంకర లేకుండా ఉండాలి. రెండు ఊచలు ఉంచుకుంటే ఒకటి వంగినా పని ఆగదు.

ఈ సామానులో ఒక్కటి కూడా మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు. ఎంత తోమినా సరే.

చోటు, ఒంటి మీద బట్టలు

ఆరుబయట, పైన నీడ ఉండి గాలి ఆడే చోట పెట్టుకోండి. పొయ్యికి మీరు గాలి వచ్చే వైపు నిలబడాలి. వాన పడేలా ఉంటే ఆ రోజు పని మానెయ్యండి. సిమెంటు గచ్చు మీద నేరుగా పని చెయ్యవద్దు. గచ్చులో చెమ్మ ఉంటుంది, వేడి సీసం పడితే పెచ్చు ఎగురుతుంది. అందుకే కింద ఇసుక ట్రే, ఆ ఇసుకనూ ముందు ఎండబెట్టాలి. తాగే నీళ్ళ సీసా, బకెట్టు ఏదీ దగ్గర పెట్టుకోకండి.

నిండు చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, తోలు బూట్లు. ప్యాంటు అంచు బూటు పైనుంచి కిందికి రావాలి, లోపలికి దోపితే చిందిన సీసం బూట్లో పడుతుంది. లుంగీ, చెప్పులు, పాలిస్టర్ బట్టలు కుదరవు. మొహానికి ఫేస్ షీల్డు, చేతులకు తోలు గ్లవ్స్, ముక్కూ నోరూ కప్పేలా, సన్నని దుమ్మునూ పొగనూ ఆపే పి100 ఫిల్టరున్న హాఫ్ మాస్కు. గుడ్డ మాస్కు ఈ పనికి చాలదు. నుదుటికి నూలు గుడ్డ కట్టుకోండి, చెమట మూకుట్లోకి జారకుండా.

పిల్లలు, గర్భిణులు ఆ పరిసరాల్లోనే ఉండకూడదు. పెద్దవాళ్ళ కడుపులోకి వెళ్ళిన సీసంలో పదోవంతు దాకా ఒంటికి పడితే, పసిపిల్లల్లో సగం దాకా పడుతుంది. అది వాళ్ళ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు చాలు, దీనివల్ల హాని లేదు అనదగ్గ మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కరిగించి శుభ్రం చేయడం

చల్లటి మూకుట్లో సీసం వేసి మధ్యస్థ మంట పెట్టండి. అంతా కరిగాక 370 దగ్గర పట్టి, తేలినదంతా చిల్లుల గరిటెతో ఏరండి. అప్పుడు పైన బూడిద రంగు మీగడలాంటి పొర మిగులుతుంది. అది చెత్త కాదు, చాలా వరకు గాలి తగిలి ఆక్సైడుగా మారిన లోహమే. తీసి పారేస్తే సీసం నష్టం, టైరు బరువులైతే అందులోని తగరం, యాంటిమొనీ కూడా పోతాయి. శనగగింజంత కొవ్వొత్తి మైనం వేసి, పుట్టిన పొగకు పొడవాటి పుల్లతో మంట అంటించండి. పొగ మంటగా కాలిపోతుంది. ఇనుప చెంచాతో అడుగు నుంచి పైకి, అంచులు గీకుతూ రెండు నిమిషాలు కలియతిప్పండి. పొరలోని లోహం చాలామటుకు తిరిగి కరుగులో కలుస్తుంది, పైన నల్లటి పొడి చిట్టెం మిగులుతుంది. దాన్ని మెల్లగా తీసి రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. దుమ్ము లేపకండి, ఈ పని మొత్తంలో అతి విషపూరితమైన వస్తువు ఆ పొడే.

పాత సీసం శుభ్రం చేసిన రోజే గుళ్ళు పొయ్యాలని తొందరపడకండి. దాన్ని చిన్న కడ్డీలుగా పోసి ఉంచి, ఇంకో రోజు శుభ్రమైన మూకుట్లో కరిగించి గుళ్ళు పోస్తే సగం తలనొప్పులు తప్పుతాయి.

అచ్చును సిద్ధం చేయడం

కొత్త అచ్చు గుంటల్లో తయారీ నూనె ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బు, వేడినీళ్ళు, పాత టూత్ బ్రష్‌తో రెండుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత రెండు పలకలనూ తెరిచి, వెలిగించిన కర్పూరం మీద పట్టి గుంటల్లో పల్చగా మసి పట్టించండి. వేలితో తుడిస్తే వేలు నల్లబడాలి, అంతే. మందంగా పడితే గుండు సన్నబడుతుంది, రెండు పలకల మధ్య సందు వస్తుంది. పలకలు కలిసే చదునైన భాగం మీద మసి ఉంటే పొడి గుడ్డతో తుడిచెయ్యండి. ఊచకు మెత్తని పెన్సిల్ ములికి రుద్దండి. నూనె, గ్రీజు పుయ్యకండి.

మంట మీద నేరుగా అచ్చు పెడితే పలకలు వంగుతాయి. పక్క పొయ్యి మీద ఇనుప పెనం పెట్టి, సన్నని సెగ మీద మూసిన అచ్చును పావుగంట ఉంచండి. పోసే గరిటెను, ఊచను కూడా అక్కడే వేడెక్కనివ్వాలి. చల్లటి గరిటె మీద గాలిలోని చెమ్మ పడుతుంది.

పోత

కరుగు 380 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంచండి. 420 దాటనివ్వడం వల్ల లాభం లేదు, చిట్టెం పెరుగుతుంది. 480 దాటాక సీసం ఆవిరే లేస్తుంది.

1. ఊచ దూర్చి అచ్చు మూసి, పిడులు గట్టిగా పట్టుకోండి. అచ్చు ఇసుక ట్రే పైన ఉండాలి.
2. గరిటెతో పైపొరను పక్కకు నెట్టి, తేట సీసం నిండుగా ముంచండి.
3. అంచు గుంటతో మొదలుపెట్టి, ధార తెగకుండా ఒక్కో గుంటనూ నింపుకుంటూ వెళ్ళండి. గుంట నిండాక గరాటు నోరు కూడా నిండాలి. గుండు గట్టిపడుతూ కుంచించుకున్నప్పుడు ఆ నోట్లోని సీసమే లోపలికి దిగి ఆ లోటు పూడుస్తుంది.
4. మిగిలినది వెంటనే మూకుట్లో పోసెయ్యండి.
5. నోటి దగ్గరి సీసాన్ని చూస్తూ ఉండండి. అద్దంలా ఉన్న పైభాగం మధ్యలో కొంచెం గుంట పడి, మెరుపు పోయి మసకబారుతుంది. అక్కడ నుంచి అయిదు లెక్కపెట్టండి.
6. ముందు ఊచ తియ్యాలి, అచ్చు తెరవడం ఆ తర్వాతే. పట్టుకారుతో పట్టి, మెలి తిప్పుతూ ఒక్క లాగు. ఆలస్యం చేస్తే సీసం చల్లారుతూ ఊచను బిగపడుతుంది.
7. అచ్చు తెరిచి, దళసరి నూలు గుడ్డ మీదికి గుళ్ళు వదలండి. రాకపోతే బందు దగ్గర కొయ్య సుత్తితో తట్టండి. పలకల మీద కొట్టకండి.

మొదటి నాలుగైదు పోతలు ముడతలతో, మూలలు నిండకుండా వస్తాయి. అవి అచ్చు వేడెక్కడానికే అనుకోండి, తిరిగి మూకుట్లో వెయ్యవచ్చు. వేసేటప్పుడు మాత్రం ముందు మూకుడు అంచున వేడి చేసి, పట్టుకారుతో మెల్లగా దించండి. అచ్చు సరైన వేడికి వచ్చాక ఒక లయ దొరుకుతుంది: పోత, మసకబారడం, ఊచ, తెరవడం, మళ్ళీ మూయడం, అంతా కలిపి నిమిషానికి అటూ ఇటూ. ఆ లయే అచ్చు వేడిని నిలబెడుతుంది. మధ్యలో ఫోను చూసుకుంటూ మూడు నిమిషాలు ఆగితే మళ్ళీ ముడతలు మొదలు. 300 గుళ్ళకు 50 పోతలు, చెడ్డవాటితో కలిపి 55 వేసుకోండి. గంటంబావులో అయిపోతుంది.

గుండు చూసి తప్పు పట్టడం

ముడతలు, గుండ్రటి మూలలు ఉంటే అచ్చు చల్లగా ఉంది. పదో పోతకు కూడా పోకపోతే గుంటలో నూనె ఉందని అర్థం. చల్లార్చి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ మసి పట్టాలి. సీసం వేడి పెంచి దీన్ని సరిచేయాలని చాలామంది చూస్తారు, అది పనిచెయ్యదు.

ఒకే గుంట ప్రతిసారీ నిండకపోతే అక్కడ గాలి పోయే సన్నని గీత మూసుకుపోయింది. వెదురు పుల్లతో శుభ్రం చెయ్యండి.

గుండు పైన గింజలు గింజలుగా తెల్లటి మసక ఉంటే అచ్చు ఎక్కువ వేడెక్కింది. వల గుళ్ళకు ఇది దోషం కాదు, వాడుకోండి. కానీ నోటి దగ్గర సీసం గట్టిపడటానికి పదిహేను సెకన్లు దాటుతుంటే అచ్చును తెరిచి పొడి చెక్క మీద ఒక నిమిషం ఉంచండి. నీళ్ళలో ముంచడం, తడిగుడ్డ తాకించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పక్కలకు పల్చటి రెక్కలు వస్తే పలకలు పూర్తిగా మూతపడలేదు. చదును భాగం మీద సీసం చుక్క అంటుకుని ఉంటుంది. అచ్చు వేడిగా ఉన్నప్పుడే గట్టి కొయ్య ముక్కతో తోస్తే వచ్చేస్తుంది. చాకుతో, స్క్రూడ్రైవరుతో గీకితే అల్యూమినియం గాటుపడి, ఆ రెక్క శాశ్వతంగా మిగులుతుంది.

తోక తుంచిన చోట లోపల బోలుగా కనిపిస్తే ధార మధ్యలో తెగింది, లేదా నోరు నిండుగా పొయ్యలేదు. అనుమానమొస్తే పది గుళ్ళు తూచండి. మెత్తని సీసమైతే 150 గ్రాములు రావాలి. టైరు బరువుల సీసమైతే 145 దగ్గర ఉంటుంది, అది సహజం.

తోకలు, అంచులు

చల్లారాక తోకలు కటింగ్ ప్లయరుతో తుంచండి. తర్వాత అసలు చూడాల్సింది బెజ్జం అంచు. ఊచ లాగినప్పుడు అక్కడ కత్తిలాంటి చిన్న పెదవి లేస్తుంది, వేలు పెడితే గీసుకుంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే అడుగు తాడును కోస్తూ ఉంటుంది, ఒక సీజన్లోనే వల అంచు ఊడిపోతుంది. 6 మి.మీ. డ్రిల్ బిట్‌ను చేత్తో పట్టి, రెండు వైపులా రెండు తిప్పులు తిప్పండి. పెదవి చుట్టలాగా ఊడివస్తుంది. ఆకురాయి, గరుకు కాగితం పట్టకండి. అవి సీసాన్ని దుమ్ముగా చేస్తాయి, డ్రిల్ బిట్ అయితే ముక్కగా తీస్తుంది, ఏరి మళ్ళీ కరిగించుకోవచ్చు.

గుళ్ళను తాడుకు గుచ్చేటప్పుడు పళ్ళతో నొక్కి బిగించే అలవాటు చాలా చోట్ల ఉంది. దయచేసి మానండి, ప్లయరు వాడండి. ఎనామిల్ పెయింటు ఒక పూత వేస్తే చేతికి నల్లగా అంటడం కూడా చాలా తగ్గుతుంది.

పని అయ్యాక

సీసం ఎక్కువగా ఒంట్లోకి వెళ్ళేది చేతుల మీదుగా నోటికి. పని జరుగుతుండగా బీడీ, సిగరెట్టు, గుట్కా, తిండి, టీ ఏవీ వద్దు. అయ్యాక పని చేసిన చోటును చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. అయితే అది మూకుడు పూర్తిగా చల్లారాకే. చేతులు, మొహం సబ్బుతో కడుక్కుని, గోళ్ళ సందులు బ్రష్‌తో రుద్ది, స్నానం చేసి, ఆ తర్వాతే పిల్లల్ని ఎత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి, బూట్లు గుమ్మం బయటే ఉండాలి. తరచూ పోత పోసేవాళ్ళు ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములకు చేరితే సీసం ఎక్కడ నుంచి వస్తోందో వెతికి ఆపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

చిట్టెం డబ్బా నిండాక పెరట్లో పాతిపెట్టడం, కాలవలో వెయ్యడం తప్పు. అనుమతి ఉన్న సీసం రీసైక్లింగు వాళ్ళకే ఇవ్వండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళు పొయ్యి వెలిగించే ముందు స్థానిక నియమాలు చూసుకోవాలి. ఇంగ్లండులో గాలానికి కట్టే చిన్న సీసం బరువులు మింగి హంసలు చనిపోతుండటంతో 1987 నుంచి 28.35 గ్రాముల దాకా ఉన్నవాటి అమ్మకాన్ని చాలావరకు నిషేధించారు. అమెరికాలో న్యూహాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్ లాంటి రాష్ట్రాల్లో లూన్ అనే నీటిపక్షుల కోసం చిన్న సీసం బరువుల మీద నిషేధం ఉంది. మన దగ్గర కూడా బాతులు తిరిగే చెరువుల్లో గాలానికి చిటికెడంత సీసం పూసలకు బదులు ఇనుపవి కట్టడం మంచిది.

మిగిలిన సీసాన్ని మూకుట్లోనే గడ్డకట్టనివ్వకండి. తర్వాతిసారి వేడి చేసినప్పుడు అడుగు ముందు కరిగి, పైన గట్టి పొర అలాగే ఉంటుంది. వ్యాకోచించే కరుగుకు దారి లేక పొర చీల్చుకుని చిమ్ముతుంది. వేడిగా ఉన్నప్పుడే కడ్డీలుగా పోసేసి, చల్లారాక మేకుతో ఒక్కోదాని మీద గుర్తు గీసుకోండి, మెత్తని సీసానికి ఒక గీత, టైరు సీసానికి రెండు.